ఓడలో పుస్తకాల గదికి విలువ కట్టేదెలా?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్లే తల్లిదండ్రులు చూసి రావలసిన వాటిలో నయాగరా జలపాతం తర్వాత ఇప్పుడు క్రూయిజ్ ప్రయాణం కూడా చేరింది. మయామి నుంచి బహామాస్ దీవులకో, సియాటిల్ నుంచి అలాస్కా తీరానికో వెళ్లే విహార నౌకలో నాలుగు నుంచి ఏడు రాత్రులు గడిపి వచ్చినవారు మన బంధువర్గాల్లో తక్కువేమీ లేరు. తిరిగి వచ్చాక వారు చెప్పే విశేషాల్లో అంతస్తుల కొద్దీ భోజనశాలలు ఉంటాయి, శాకాహారం కోసం పడిన పాట్లు ఉంటాయి, నీళ్ల జారుడుబండలు, రాత్రిపూట ప్రదర్శనలు ఉంటాయి. ఆ నౌకలో గ్రంథాలయం ఉందా అని అడిగితే మాత్రం చాలామంది గుర్తు తెచ్చుకోవడానికి కాస్త ఆగవలసి వస్తుంది. కొన్ని నౌకల్లో అది ఒక పెద్ద గది, కొన్నింటిలో కాఫీ దుకాణం పక్కన ఒక అల్మరా, మరికొన్నింటిలో అసలు లేదు.

వేల మంది సరదాగా గడపడానికి ఎక్కే నౌకలో గ్రంథాలయం ఎందుకు అనే ప్రశ్న పైకి ఒక్కటిగా కనిపించినా, దానిలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడికి అది ఏమిస్తుంది, నౌకను నడిపే కంపెనీకి ఏమిస్తుంది, నెలల తరబడి ఆ నౌకలోనే బతికే సిబ్బందికి ఏమిస్తుంది అన్నవి ఆ మూడు. ఒకదానికి చెప్పవలసిన జవాబును ఇంకొకదానికి అంటగట్టడం వల్లనే, ఫోనులో అన్నీ దొరుకుతుండగా ఇంకా అల్మరాలెందుకు అనే మాట తిరుగులేనిదిగా వినిపిస్తుంది. ఈ మూడింటిలో మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు, రెండోది కంపెనీ లెక్కల్లో ఉంటుంది, మూడోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు బరువు ఆ మూడోదాని మీదే ఉంది.

ఓడ అనేది విహారానికి కాక ఊరు చేరడానికి ఎక్కే వాహనంగా ఉన్నంత కాలం ఈ ప్రశ్న పుట్టనే లేదు. బొంబాయిలో ఎక్కినవారు ఇంగ్లండులో దిగడానికి వారాలు పట్టే రోజుల్లో చదువుకునే గది, ఉత్తరాలు రాసుకునే బల్ల ఓడలో ఉండవలసిన వసతులే. 1912లో మునిగిపోయిన టైటానిక్ గురించి ఎన్ని కథలు చెప్పుకున్నా, రెండో తరగతి ప్రయాణికుల కోసం అందులో ప్రత్యేకంగా ఒక గ్రంథాలయం, దాన్ని చూసుకోవడానికి ఒక ఉద్యోగి ఉండేవారన్న సంగతి మనవారి చెవిన పడేది తక్కువ. ఆ ప్రమాదం నుంచి బయటపడిన లారెన్స్ బీస్లీ అనే సైన్సు ఉపాధ్యాయుడు, ఓడ మంచుకొండను ఢీకొన్న ఆదివారం నాటి మధ్యాహ్నం ఆ గది ఎలా ఉందో తర్వాత రాసిపెట్టాడు. డెక్ మీద చలికి నిలవలేక జనం ఆ గదిలోకి చేరారని, గది నిండిపోయిందని ఆయన రాతను బట్టి తెలుస్తుంది. పుస్తకం కోసం వచ్చినవారి కన్నా కూర్చోవడానికి ఒక మంచి చోటు కోసం వచ్చినవారే అక్కడ ఎక్కువ కావచ్చు. ఓడలో గ్రంథాలయం విలువను పుస్తకాల సంఖ్యతో కొలవబోయే ముందు ఈ సంగతి గమనించడం మంచిది.

సముద్ర ప్రయాణం మనుషుల చేత మంచి పని చేయించిందని చెప్పడానికి మన దేశంలోనే రెండు ఉదాహరణలను తరచుగా ఎత్తి చూపుతారు. 1909 నవంబరులో గాంధీజీ లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్తూ కిల్డొనన్ కాజిల్ అనే ఓడలో, ఓడవారిచ్చిన ఉత్తరాల కాగితాల మీదనే ‘హింద్ స్వరాజ్’ రాశారు. బడి చదువు విశాఖపట్నంలో సాగిన సి.వి.రామన్ 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా ఓడలో తిరిగి వస్తూ సముద్రపు నీలిరంగుకు కారణం వెతికి, ఓడ బొంబాయి రేవులో ఉండగానే ‘నేచర్’ పత్రికకు లేఖ రాశారు. ఈ రెండూ గొప్ప సంగతులే కాని, ఇవి గ్రంథాలయానికి సాక్ష్యాలు కావు. గాంధీజీకి కావలసింది కాగితం, రామన్‌కు కావలసింది సముద్రం, వెంట తెచ్చుకున్న చిన్న పరికరాలు. ఇద్దరికీ ఓడ ఇచ్చింది ఎవరూ పిలవని కొన్ని రోజులు. అలాంటి రోజులు ఇప్పటి నౌకల్లో మిగిలి ఉన్నాయా అన్నదే తేల్చుకోవలసిన విషయం.

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ మీదుగా ప్రయాణికులను తీసుకువెళ్లడం మొదలయ్యాక ఓడ ప్రయాణానికి ఉన్న పాత అవసరం వేగంగా తరిగిపోయింది. ఊరు చేరవలసినవారు విమానం ఎక్కారు, మిగిలిన కంపెనీలు బతకడానికి ప్రయాణాన్నే వినోదంగా మార్చుకున్నాయి. అంతవరకు ఓడలోని ఖాళీ సమయం ప్రయాణికుడి ఇబ్బంది, దానికి గ్రంథాలయం చవకైన మందు. విహార నౌక వచ్చాక అదే ఖాళీ సమయం కంపెనీకి ఆదాయ వనరుగా మారింది, ఎందుకంటే టిక్కెట్టు డబ్బులకు తోడు బార్లు, కేసినో, స్పా, విడిగా డబ్బు తీసుకునే భోజనశాలలు, రేవుల్లో చూపించే యాత్రలు, ఇంటర్నెట్ ప్యాకేజీల మీద వచ్చే రాబడి ఈ వ్యాపారానికి ప్రాణం. రెండు గంటలు కిటికీ పక్కన కూర్చుని చదివిన మనిషి ఆ రెండు గంటల్లో రూపాయి ఖర్చు పెట్టలేదు. అందువల్ల కంపెనీ లెక్కల పుస్తకంలో గ్రంథాలయం ఎప్పుడూ ఖర్చు పద్దులోనే కనిపిస్తుంది, ఆదాయం పద్దులో దానికి గడి ఉండదు.

2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ద సీస్ గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులను ఎక్కించుకోగల నౌక. ఏడు ఈతకొలనులు, ఆరు నీళ్ల జారుడుబండలు ఉన్న అలాంటి నౌకలో నాలుగు రోజులు గడపడానికి పిల్లలతో వచ్చిన కుటుంబం పుస్తకం ముట్టకపోతే తప్పు పట్టవలసిన పనిలేదు. దీనికి పూర్తిగా అవతలి కొసన 2004 నుంచి తిరుగుతున్న క్వీన్ మేరీ 2 ఉంది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ దాకా సాధారణంగా ఏడు రాత్రులు, మధ్యలో ఒక్క రేవు కూడా ఆగకుండా వెళ్లే ఈ నౌక సుమారు 2,700 మంది ప్రయాణికులను తీసుకువెళ్తుంది, ఎనిమిదో డెక్ ముందు భాగాన ఎనిమిది వేలకు పైబడిన పుస్తకాలతో, లైబ్రేరియన్లతో గ్రంథాలయాన్ని నడుపుతుంది. రెండు నౌకల మధ్య తేడా ప్రయాణికుల అభిరుచిలో కన్నా ప్రయాణపు ఆకారంలో ఎక్కువగా ఉంది. రోజుకో రేవు తగిలే ప్రయాణంలో గ్రంథాలయం పగలంతా బోసిగా ఉంటుంది. కనుచూపు మేర నీళ్లు తప్ప మరేమీ లేని రోజున, అందులోనూ వర్షమో గాలో డెక్ మీద నిలవనీయని రోజున, అదే గదిలో కుర్చీ దొరకదు. కాబట్టి నౌకల్లో గ్రంథాలయాలకు ఆదరణ ఉందా లేదా అని మొత్తంగా అడిగితే వచ్చే జవాబు ఎటూ పనికిరాదు. రేవు లేని రోజులు ఎన్ని అని ముందు అడగాలి.

కంపెనీలన్నీ గ్రంథాలయాన్ని భారంగానే చూస్తాయని కూడా అనలేం. కేసినో లేకుండా, పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకోకుండా నడిచే వైకింగ్ సముద్ర నౌకల్లో పుస్తకాలు ఒక గదికి పరిమితం కాకుండా కూర్చునే చోటల్లా కనిపిస్తాయి, వాటి ఎంపికను లండన్‌లోని హేవుడ్ హిల్ అనే పుస్తకాల దుకాణానికి అప్పగించారు. ఇక్కడ గ్రంథాలయం నేరుగా డబ్బు తేదు కాని, ఎలాంటి ప్రయాణికులు తమ నౌక ఎక్కాలని కంపెనీ కోరుకుంటుందో వారిని రప్పిస్తుంది. వ్యాపారంగా ఇది తెలివైన పనే. చిక్కల్లా పుస్తకం అలంకారంగా మారిపోయే చోట వస్తుంది: చేతికందని ఎత్తులో, గోడ రంగుకు నప్పే అట్టలతో పేర్చిన పుస్తకాలు చూడడానికి బాగానే ఉంటాయి, తీసి చదివేవారు మాత్రం ఉండరు. పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ అరటిగెలలు కట్టినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు.

నౌక కదిలే కట్టడం కాబట్టి గ్రంథాలయం నిర్వహణలో నేల మీద లేని ఇబ్బందులు కొన్ని వస్తాయి. బరువు వాటిలో ఒకటి కాదు. ఒక్కో పుస్తకం అరకిలో అనుకుంటే ఎనిమిది వేల పుస్తకాలు నాలుగు టన్నులు, అంత పెద్ద నౌకకు అది లెక్కలోనిది కాదు. అలల ఊపుకు పుస్తకాలు జారి పడకుండా అరల అంచున కడ్డీ గాని, అంచుపట్టీ గాని ఉండాలి, లేదా అద్దాల తలుపులు ఉండాలి. అగ్నిప్రమాదం నౌకలో అన్నిటికన్నా భయపడవలసినది కనుక అంతర్జాతీయ సముద్ర భద్రతా నిబంధనలు సామాను ఏ పదార్థంతో తయారు కావాలన్నదాని మీద కూడా ఆంక్షలు పెడతాయి, మన ఇళ్లలోలాగా టేకు బీరువా తెచ్చి పెట్టుకోవడం కుదరదు. ఉప్పుగాలి, తేమ కాగితాన్ని, అట్టల జిగురును పాడుచేస్తాయి కాబట్టి ఏసీ ఆగకూడదు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ నౌకలో వ్యాపించిందంటే చేతులు మారే వస్తువులన్నింటితో పాటు పుస్తకాలను కూడా పక్కన పెట్టి గది మూసేస్తారు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది గదిని ఎక్కడ కట్టాలన్న ప్రశ్న. కళ్లు కదలని అక్షరాల మీద ఉండగా లోపలి చెవి కదలికను పసిగట్టడం వల్ల ఓడలో చదివేవారికి తల తిరుగుతుంది. ఊపు అతి తక్కువగా ఉండేది నౌక నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో. కాని జనం ఎక్కువగా తిరిగే నడిమి భాగాన్ని కంపెనీలు దుకాణాలకు, భోజనశాలలకు ఇస్తాయి, గ్రంథాలయం పై అంతస్తుల్లో ఒక కొసకు చేరుతుంది. ఆ చివర నుంచి సముద్రం బాగా కనిపిస్తుందన్నది నిజమే. అలలు ఎక్కువగా ఉన్న రోజున అక్కడ కూర్చుని పదిహేను పేజీలు చదవడం మాత్రం అందరి వల్లా కాదు.

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశం అందించిన ఆచార్యుడు ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలను ఇలాంటి చోట పరీక్షించి చూస్తే కొన్ని విచిత్రాలు బయటపడతాయి. పాఠకుడి సమయం ఆదా చేయాలంటుంది నాలుగో సూత్రం. నౌకలో పాఠకుడికి పుష్కలంగా ఉన్నది సమయమే కాబట్టి ఈ సూత్రం ఇక్కడ వర్తించదని మొదట అనిపిస్తుంది. నిజానికి మరింత గట్టిగా వర్తిస్తుంది. నేల మీద పుస్తకం పూర్తి కాకపోతే గడువు పొడిగించుకోవచ్చు. నౌకలో చివరి రాత్రికి తిరిగి ఇచ్చేయవలసిందే, ఇవ్వకపోతే గది ఖాతాలో ఖరీదు రాసే పద్ధతి కూడా ఉంది. నాలుగు రాత్రుల ప్రయాణంలో ఆరు వందల పేజీల నవల తీసుకున్న పాఠకుడికి ముందే ఎవరో ఒకరు చెప్పాలి: ఇది మీకు పూర్తి కాదు, ఈ కథల సంపుటి తీసుకోండి అని. అలా చెప్పగలిగేది అల్మరా కాదు, దాని పక్కన కూర్చున్న మనిషి. లైబ్రేరియన్ ఉన్న నౌకకు, ఉత్త అల్మరా ఉన్న నౌకకు తేడా ఇక్కడే మొదలవుతుంది.

గ్రంథాలయం పెరిగే ప్రాణి అనే అయిదో సూత్రం దగ్గర నౌక పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఉన్న అరలు నిండాక కొత్త పుస్తకం ఒకటి ఎక్కాలంటే పాతది ఒకటి దిగాలి. అంటే నౌకలో గ్రంథాలయాన్ని నడపడమంటే ముఖ్యంగా ఏది తీసేయాలో తెలియడమే. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మేవారిని గమనించినవారికి ఈ విద్య కొత్తగా అనిపించదు. ఏడడుగుల దుకాణంలో ఏది నిలుస్తుందో, ఏది చోటు తింటుందో వారికి చూడగానే తెలుస్తుంది. లైబ్రేరియన్‌ను తీసేసి, ఒకటి తీసుకోండి, ఒకటి పెట్టండి అనే పద్ధతికి మారిన చోట ఈ ఎంపిక గాలికి పోతుంది. తీసుకెళ్లేది మంచి పుస్తకం, వదిలేసేది విమానాశ్రయంలో కొని సగం చదివిన థ్రిల్లర్ కావడం మనుషుల సహజ గుణం. కొన్ని ప్రయాణాలు గడిచేసరికి అరల్లో మిగిలేది ఎవరికీ అక్కరలేని పుస్తకాలు. అప్పుడు వాటిని చూసి, ఎవరూ చదవడం లేదు కాబట్టి తీసేద్దామనే నిర్ణయం వస్తుంది. చదవకపోవడానికి కారణం ఎంపిక లేకపోవడమని ఎవరూ రాసుకోరు.

ఇక ఫోను, కిండిల్ సంగతి. వేల పుస్తకాలు చేతి సంచిలో పట్టుకు వెళ్లగలిగిన రోజుల్లో పుస్తకాల కొరత అనే కారణం నిలవదని ఒప్పుకోవాలి. 2022 నుంచి స్టార్‌లింక్ వంటి ఉపగ్రహ ఇంటర్నెట్ విహార నౌకల్లోకి వచ్చాక నడిసముద్రంలో పుస్తకం డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా సాధ్యమైంది, చాలా నౌకల్లో దానికి విడిగా డబ్బు కట్టాలన్నది వేరే మాట. కాని ఈ వాదన గ్రంథాలయానికి ఉన్న ఒక్క పనిని మాత్రమే కొట్టివేస్తుంది. అలాస్కా తీరంలో హిమనదం దగ్గరకు నౌక చేరిన రోజున ఆ మంచు ఎందుకు నీలంగా ఉందో చెప్పే సచిత్ర గ్రంథం, పెద్ద అట్లాస్, పక్షుల పుస్తకం ఒక బల్ల మీద తెరిచి ఉంటే నలుగురు చుట్టూ చేరతారు, ముక్కూమొహం తెలియనివారు మాట్లాడుకుంటారు. ఫోను తెర చుట్టూ అలా చేరడం జరగదు. ఏమీ కొనకుండా, ఏ పాటా వినకుండా, ఎవరూ వచ్చి ఏం తెమ్మంటారని అడగకుండా కూర్చోగలిగే గది నౌకలో బహుశా ఇదొక్కటే. అమ్మానాన్నలను తీసుకుని వెళ్లిన పిల్లలు అర్ధరాత్రి ప్రదర్శనకు వెళ్లినప్పుడు, చక్కెర జబ్బుతోనో మోకాళ్ల నొప్పులతోనో ఉన్న పెద్దవారు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నకు చాలా నౌకల్లో జవాబు బార్ పక్కన సోఫా. మన పాపికొండల లాంచీలో డప్పుల సినిమా పాటల మధ్య గోదావరిని చూడవలసి వచ్చినవారికి నిశ్శబ్దమైన గది విలువ వేరే చెప్పనక్కరలేదు.

నీటి మీద గ్రంథాలయం అనే ఆలోచన మన ప్రాంతానికి పరాయిది కాదన్నది ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన సభతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య కృషి ఉంది. ఆ గ్రంథాలయోద్యమంలో నుంచి వచ్చిన పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపారు. రోడ్లు అంతంతమాత్రంగా ఉన్న ఆ కాలంలో డెల్టా కాలువలే రహదారులు, మెల్లగా సాగే పడవలో గంటల కొద్దీ కూర్చున్నవారికి పుస్తకం కన్నా మంచి తోడు లేదు. విహార నౌక యజమాని తెలుసుకోవలసిన లెక్కను ఆ పడవ ఎప్పుడో చేసి చూపింది: చదివే తీరిక, చదవడానికి వేరే పని అడ్డురాని చోటు ఒకేసారి దొరికేది ప్రయాణంలోనే. నార్వేలో 1963లో ప్రత్యేకంగా కట్టిన ఎపోస్ అనే ఓడ ఫియర్డ్‌ల (కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయల) ఒడ్డున విసిరేసినట్టున్న పల్లెలకు 2020 వరకు పుస్తకాలు మోసింది. అది ఊళ్లకు పుస్తకం చేర్చిన ఓడ, మనది ప్రయాణికుడికి కూడా చేర్చిన పడవ.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఆ పడవకూ ఈ నౌకకూ మధ్య ఉన్న అసలు తేడా. కాలువ మీద పుస్తకం తిరిగింది చందాలతో, కార్యకర్తల శ్రమతో. తర్వాత 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఊళ్లలోని ప్రజా గ్రంథాలయాల కోసం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల సెస్సు వచ్చింది. ఆ సెస్సు సంస్థలకు సకాలంలో అందదన్న ఫిర్యాదు పాతదే అయినా, చదవనివారు కూడా చదివేవారి కోసం కొంత ఇవ్వాలన్న సూత్రం అందులో ఉంది. నౌకలోనూ టిక్కెట్టు కొన్న ప్రతివారి డబ్బులోనూ గ్రంథాలయం ఖర్చు కలిసే ఉంటుంది. ఊళ్లో గ్రంథాలయం మూసేస్తే నిలదీయడానికి ఒక సంస్థ, ఒక చట్టం ఉన్నాయి. నౌకలో గది తీసేసి ఆ చోట కొత్త బార్ పెడితే తర్వాతి ప్రయాణికుడికి అక్కడ గ్రంథాలయం ఉండేదన్న సంగతే తెలియదు.

విహార నౌకలు మన తీరానికీ వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణాలు నడిపింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రెండు మూడు రాత్రుల ప్రయాణానికి పెద్ద గ్రంథాలయం దండగే. రెండు వందల పుస్తకాల అల్మరా మాత్రం దండగ కాదు, దాన్ని ఎలా నింపాలో తెలిస్తే. ఒక్క కూర్చోవడంలో పూర్తయ్యే కథలు, పెద్ద అచ్చులో ఉన్న పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, వాటితో పాటు నౌక దాటిపోతున్న తీరం గురించి చెప్పేవి అందులో ఉండాలి. విశాఖ నుంచి చెన్నై వెళ్లే ప్రయాణికుడు కోరంగి, మచిలీపట్నం, మోటుపల్లి తీరాలకు దూరంగా, వాటిని చూడకుండానే వెళ్లిపోతాడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ హామీ ఇస్తూ మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడని, శాతవాహన యజ్ఞశ్రీ తన నాణేల మీద తెరచాప ఓడను ముద్రించుకున్నాడని ఆ అల్మరాలో ఒక పుస్తకం చెప్పగలిగితే నౌక కిటికీలోంచి కనిపించేది ఉత్త నీళ్లు కాదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక్క పూట తిరిగినా ఇలాంటి అల్మరాకు సరిపడా తెలుగు పుస్తకాలు ఎంచవచ్చు. ఖర్చు నౌక ఒక రాత్రి విందుకు పెట్టేదానితో పోల్చదగినది కూడా కాదు.

ప్రయాణికుడి గురించి ఇంత చెప్పాక కూడా, అతను వారానికో పది రోజులకో దిగిపోయేవాడన్నది మరచిపోకూడదు. గది తుడిచేవారు, వంట చేసేవారు, ఇంజన్ దగ్గర పనిచేసేవారు ఆరు నుంచి తొమ్మిది నెలల ఒప్పందాల మీద నౌకలోనే ఉంటారు. ఐకాన్ ఆఫ్ ద సీస్ వంటి నౌకలో అలాంటివారు రెండు వేలకు పైగా ఉంటారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఈ ఉద్యోగాల్లో చేరే యువకులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ప్రయాణికుల గ్రంథాలయంలో వారు తీరిగ్గా కూర్చోవడానికి సాధారణంగా అనుమతి ఉండదు. నావికులకు పుస్తకాలు చేర్చాలన్న ఆలోచన పాతదే: 19వ శతాబ్దం మధ్య నుంచి అమెరికాలో చెక్కపెట్టెల్లో పుస్తకాలు సర్ది ఓడలకు అరువిచ్చేవారు, 1919లో ఇంగ్లండులో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ నావికుల విద్యాసేవా సంస్థను స్థాపించారు, 1921లో అమెరికా వర్తక నౌకల గ్రంథాలయ సంఘం ఏర్పడింది.

ఇప్పుడు దీనికి అంతర్జాతీయ ఒప్పందం దన్ను కూడా ఉంది. 2006లో ఆమోదం పొంది 2013లో అమలులోకి వచ్చిన సముద్ర కార్మికుల ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. సిబ్బంది విశ్రాంతి వసతుల్లో కనీసం ఒక పుస్తకాల అల్మరా, చదువుకోవడానికి, రాసుకోవడానికి వీలు ఉండాలని అది సూచిస్తుంది. ప్రయాణ కాలానికి సరిపడా పుస్తకాలతో, తగిన వ్యవధిలో వాటిని మారుస్తూ గ్రంథాలయం నడిపే సంగతి కూడా పరిశీలించమంటుంది. అయితే ఈ మాటలు ఒప్పందంలో తప్పనిసరి కాని మార్గదర్శకాల భాగంలో ఉన్నాయి, కాబట్టి ఒక్క అల్మరా పెట్టి చేతులు దులుపుకున్నా ఎవరూ అడగరు. 2024 డిసెంబరులో అమలులోకి వచ్చిన సవరణ, సాధ్యమైనంత మేరకు సిబ్బందికి ఇంటర్నెట్ అందుబాటులో ఉంచాలంటోంది. ఇంటికి వీడియోకాల్ చేసుకోగలగడం మంచిదే. పన్నెండు గంటలు పనిచేసి వచ్చి, కిటికీ లేని గదిలో పై బెర్తు మీద పడుకున్నవాడికి ఆ ఫోనే ఇంటి దిగులును కూడా పెంచుతుంది. ప్రమోషన్ పరీక్షకు చదవాలనుకున్నవాడికి దొరికే చోటు ఆ బెర్తే.

సిబ్బంది అల్మరాలో ఏ భాషల పుస్తకాలు ఉండాలన్నది ఇంకా తేలని విషయం. డజన్ల దేశాలవారు పనిచేసే నౌకలో ఇంగ్లీషు అందరికీ పనిభాష, ఎవరికీ నిద్రపోయే ముందు చదువుకునే భాష కాదు. పాత చెక్కపెట్టె పద్ధతే దీనికి సరిపోతుంది: ముప్ఫై నలభై పుస్తకాల పెట్టె ఒకటి రేవులో నౌక ఎక్కాలి, మళ్లీ అదే రేవుకు వచ్చినప్పుడు దిగి కొత్త పెట్టెకు చోటివ్వాలి. రేవులో సిబ్బందికి దొరికే తీరిక కొద్ది గంటలే, పుస్తకాల దుకాణం వెతుక్కునే ఓపిక ఉండదు, కాబట్టి పెట్టె వారి దగ్గరకు రావాలి తప్ప వారు పెట్టె దగ్గరకు పోవడం కుదరదు. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కట్టినవారు సామాను, పాస్‌పోర్టుల తనిఖీకి చోటు చూసుకున్నట్టే ఈ పెట్టె మార్పిడికి ఒక గది చూపించి, తెలుగు, తమిళ, ఒడియా, బెంగాలీ పుస్తకాలు సర్దే పనిని జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగిస్తే, దానికి కొత్త చట్టమూ అక్కరలేదు, పెద్ద బడ్జెట్టూ అక్కరలేదు.